డిగ్రీ అయ్యాక వడ్రంగం నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (హనుమకొండ, కాజీపేట వైపు)

చెక్కపొట్టు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. నా వయసు 23. మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. హనుమకొండలో బీకాం పూర్తయి రెండేళ్లు దాటింది. ఒక ఏడాది గ్రూప్స్‌కు చదివాను. తర్వాత ఒక ఫైనాన్స్ కంపెనీ తరఫున వాయిదాలు వసూలు చేసే పనిలో ఏడు నెలలు ఉన్నాను. నా బండి చప్పుడు వినగానే ఇళ్లలో తలుపులు వేసుకునేవారు. ఎనిమిదో నెలలో మానేశాను.

పోయిన వేసవిలో జమ్మికుంటలో ఒక షోరూం వెనుక పారేసిన ప్యాకింగ్ పెట్టెల చెక్కలు అడిగి తెచ్చుకుని పుస్తకాల అల్మారా చేశాను. చేతి రంపం, సుత్తి, పక్కింటి నుంచి అరువు తెచ్చిన డ్రిల్లు, అంతే. మూడో అర కాస్త వాలింది, పెన్సిలు పెడితే దొర్లిపోతుంది. అయినా ఆ పదిహేను రోజులు ఎలా గడిచాయో తెలియలేదు. అప్పటి నుంచి ఒకటే ఆలోచన: వడ్రంగం నేర్చుకోవాలి. ముఖ్యంగా అల్మారాలు, కిచెన్ కబోర్డులు, బల్లలు చేసే పని.

మా ఇంట్లో ఈ పని తెలిసినవాళ్లు లేరు. నాన్న పత్తి, మక్క వేస్తారు. అమ్మ మాత్రం "పదిహేనేళ్లు చదివించింది రంద పట్టడానికా?" అంటోంది. (రంద అంటే చెక్కను నున్నగా చెక్కే పనిముట్టు.)

వరంగల్‌లో ఐటీఐలో చేరితే ఏడాది పడుతుందట. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ మూడు నెలల ఇంటీరియర్ కోర్సుకు లక్ష పైన అడుగుతోంది, ఉద్యోగం కూడా చూపిస్తామంటున్నారు. కాజీపేటలో ఒక మేస్త్రి హెల్పరుగా వస్తే రోజుకు 400 ఇస్తానన్నారు. జగిత్యాలలో ఉండే మా మేనమామ అయితే "ఇదంతా ఎందుకురా, కార్పెంటర్ వీసా ఇప్పిస్తాను, దుబాయ్‌లో పని నేర్చుకుంటూనే సంపాదించుకోవచ్చు" అంటున్నాడు.

ఏ దారి పట్టాలి? ఈ వయసులో మొదలుపెడితే ఆలస్యమా? ఈ వృత్తిలో పుట్టనివాణ్ని పనివాళ్లు దగ్గరికి రానిస్తారా? ఇంకో చిన్న ప్రశ్న: మంచి రంద కొనాలంటే వరంగల్‌లో ఎక్కడ దొరుకుతుంది?

ప్లైవుడ్ కౌంటర్:

వరంగల్‌లో ప్లైవుడ్, హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్నాను. పని నేర్పలేను కానీ, పని వచ్చినవాణ్ని గుర్తుపట్టగలను. కౌంటరు మీద పెట్టే చీటీ చూస్తే చాలు.

"18 మిల్లీ ప్లై పది షీట్లు, మైకా పదిహేను, ఫెవికాల్ ఒక డబ్బా" అంటూ వచ్చేవాళ్లు ఒక రకం. ఒక్కో ముక్క కొలతా రాసుకుని, 8 అడుగులు 4 అడుగుల షీటులో ఏ ముక్క ఎక్కడి నుంచి తీయాలో గీసుకుని, "ఏడు షీట్లు చాలు, హింజెస్‌లో జీరో క్రాంకువి పద్నాలుగు, ఎనిమిది క్రాంకువి ఆరు" అని అడిగేవాళ్లు ఇంకో రకం. (మైకా అంటే ప్లై మీద అంటించే పలచటి షీటు, క్రాంకు అంటే హింజెస్‌కుండే వంపు.) ఈ రెండో రకం వాళ్లను మా దుకాణంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లకు ఎప్పుడు ఫోన్ చేసినా ఏదో ఇంట్లో పనిమీదే ఉంటారు.

అందుకని ముందు సరుకు తెలుసుకోండి. మామూలు ప్లైకి బీఐఎస్ (కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) పెట్టిన ఐఎస్ 303 ప్రమాణం. అందులో తేమకు ఓర్చుకునే ఎంఆర్, మరిగే నీటికి కొంతవరకు తట్టుకునే బీడబ్ల్యూఆర్ అని రకాలు. మెరైన్ ప్లైకి ఐఎస్ 710. దాని పరీక్షలో ముక్కను 72 గంటలు మరుగుతున్న నీటిలో ఉంచి, జిగురు వదలలేదని చూస్తారు. సింకు కింద ఎంఆర్ ప్లై వేసి, రెండు వానాకాలాలకే పొరలు విడిపోయాక నా దగ్గరికొచ్చి తగవు పడినవాళ్లున్నారు. షీటు మీద 710 అని ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఐఎస్‌ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉండాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

లక్ష రూపాయల కోర్సువాళ్లను ఒక్క మాట అడగండి: "ఈ మూడు నెలల్లో నా చేత ఎన్ని షీట్లు కోయిస్తారు?" జవాబు నసిగితే లేచి వచ్చేయండి.

రందలు మా దుకాణంలోనే ఉన్నాయి. ఇప్పుడే కొనకండి. (వ్యాపారి ఈ మాట అనడం వింతే.)

తొమ్మిదిన్నర వేళ్లు:

కౌంటర్ గారు చీటీ సంగతి బాగా చెప్పారు. దుకాణం నుంచి మేస్త్రీలకు ముట్టే కమీషను సంగతి మాత్రం కౌంటరు కిందే ఉంచేశారు. దానికి తర్వాత వస్తాను.

తమ్ముడూ, మాది వడ్రంగుల ఇల్లు. నర్సంపేట వైపు పల్లెలో మా నాన్న నాగళ్లు, గొర్రులు, ఎడ్లబండ్లు చేసేవాడు. తుమ్మ మొద్దును ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో నాగలి ఉంది, ఇందులో లేదు అనేవాడు. మాకు రోజు కూలి ఉండేది కాదు, కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మా వాటా మాకు వచ్చేది. ఊళ్లోకి ట్రాక్టర్లు వచ్చాక ఆ కొలత ఆగిపోయింది. 1994లో, నాకు ఇరవై ఏళ్లప్పుడు, హనుమకొండ వచ్చి టేకు తలుపులు చేసే షెడ్డులో చేరాను.

"మా ఇంట్లో ఎవరూ లేరు" అని దిగులుగా రాశావు కదా, అందుకే ఇదంతా చెబుతున్నాను. నాకు ఇంట్లో అందరూ ఉన్నారు. చేయి వచ్చింది, లెక్క రాలేదు. నాన్న చేసి చూపేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు. బహుశా ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు. తలుపు చట్రం గాడిలోకి పలకను దింపేటప్పుడు ఆయన ఎప్పుడూ జిగురు పెట్టలేదు. షెడ్డులో రెండో ఏడు నేను తెలివి చూపించాను. గట్టిగా ఉంటుందని పలక చుట్టూ జిగురు దట్టించాను. ఏప్రిల్ దాటేసరికి ఆ పలక పైనుంచి కిందకు నిట్టనిలువునా చీలింది. చెక్క పొడవులో మారేది చాలా తక్కువ. వెడల్పులో మాత్రం వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. మన వరంగల్ ఎండల సంగతి నీకు వేరే చెప్పాలా? గాడిలో పలకకు కదిలే చోటు ఉండాలి. నాలుగు వైపులా జిగురుతో బిగిస్తే ముడుచుకునే దారిలేక మధ్యలో విడిపోతుంది. ఇది నాకు నేర్పింది నాన్న కాదు, ఆ తలుపు. దాని ఖరీదు నా కూలిలోనే పట్టుకున్నారు.

అసలు దెబ్బ 2003లో తగిలింది. అప్పటికి అందరూ ప్లైవుడ్ కబోర్డులు అడుగుతున్నారు. టేకు వచ్చినవాడికి ప్లై ఎంత పని అనుకున్నాను. సొంతంగా ఒప్పుకున్న మొదటి కిచెన్ నక్కలగుట్టలో ఒక లెక్చరర్ గారి ఇల్లు. పదకొండు డ్రాయర్లు. మాకు కొలతంటే అంగుళం, సూత్. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. ప్లై మందం ఆరు సూత్‌లని మా షెడ్డులో అందరి నోటా అదే మాట. ఆరు సూత్‌లంటే 19 మిల్లీలు. నేను కొన్నది 18 మిల్లీల షీటు. పెట్టెకు రెండు పక్క పలకలు కదా, ఒక్కోదానికి ఒక మిల్లీ తగ్గితే లోపలి ఖాళీ రెండు మిల్లీలు పెరుగుతుంది. టెలిస్కోపిక్ చానల్‌కు (డ్రాయరు జారే పట్టాకు) ఒక్కో పక్క 13 మిల్లీలు, మొత్తం 26 వదిలి డ్రాయరు కోయాలి. నేను ఆరు సూత్‌ల లెక్కతో పదకొండు డ్రాయర్లూ ముందే కోసి, జిగురు పెట్టి, మేకులు కొట్టి, ఆటోలో వేసుకుని వెళ్లాను. బిగించి లాగితే ఒక్కోటి చెరుకుబండిలా ఊగుతోంది. 26 ఉండాల్సిన చోట 28 ఉంది.

ఆ రాత్రి ఏం చేశానంటే, మిగిలిన మైకా 1 మిల్లీ మందం కదా, దాన్ని సన్నటి పట్టీలుగా కోసి, ప్రతి చానల్ వెనుకా ఒకటి చొప్పున ఇరవై రెండు పట్టీలు అంటించి మళ్లీ బిగించాను. తెల్లవారేసరికి డ్రాయర్లు మెత్తగా జారాయి. లెక్చరర్ గారికి ఇప్పటికీ తెలియదు. సార్, మీరు ఇక్కడ చదువుతుంటే క్షమించండి, పట్టీలు ఊడితే ఫోన్ చేయండి.

మర్నాడే మిల్లీలో పదో వంతు కూడా కొలిచే వెర్నియర్ కాలిపర్ కొన్నాను. ఈనాటికీ షీటు దిగగానే నా మొదటి పని మందం కొలవడం. 18 అని ముద్ర ఉన్నది 18 ఉంటుందనుకోవద్దు. ఆ లెక్క నాకు వచ్చేసరికి 29 ఏళ్లు. నీకు 23, పైగా బీకాం. ఆలస్యమైంది ఎవరికి?

ఇక దారి సంగతి. రెండు నెలలు కాజీపేట మేస్త్రి దగ్గరికి వెళ్లు. మోకాళ్లు, నడుము, దుమ్ము, ఇంటివాళ్ల మాటలు, ఇవన్నీ నీకు పడతాయో లేదో తెలుస్తుంది. కానీ చేరేరోజే అడుగు: "నా చేత కోయిస్తారా?" హెల్పరంటే షీట్లు మోయడం, మైకాకు జిగురు పూయడం, టీ తేవడం అనుకునే షెడ్లు ఉన్నాయి. అలా మూడేళ్లు గడిపి గీత గీయడం రానివాళ్లను చూశాను. నాలుగో వారానికీ రంపం చేతికివ్వకపోతే ఇంకో షెడ్డు చూసుకో. ఆ తర్వాత ఐటీఐ. ఎనిమిదో తరగతి అర్హత, ఏడాది చదువు. అన్ని ఐటీఐల్లోనూ ఈ ట్రేడు ఉండదు, దరఖాస్తుకు ముందే కనుక్కో. డిగ్రీ చదివి ఎనిమిదో తరగతి అర్హత ఉన్నదానిలో చేరడమేమిటని నీకు అనిపించవచ్చు. అక్కడ డ్రాయింగ్ నేర్పుతారు, వర్క్‌షాప్ లెక్కలు చెబుతారు. మా షెడ్డుకు వచ్చిన ఐటీఐ పిల్లలకు మొదటి నెల చేయి నెమ్మదే. బొమ్మ ఇస్తే మాత్రం చదవగలరు. నాకు అది ముప్పై దాటాకే పట్టుబడింది.

ఈ వృత్తిలో పుట్టనివాణ్ని రానిస్తారా అంటావా? మా షెడ్ల పక్కన రాజస్థాన్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది పనిచేస్తున్నారో చూడు. ఎవరి ఇంటిపేరు ఎవరడుగుతున్నారు? కాస్త హిందీ వస్తే మంచిది. నా దగ్గర నేర్చుకున్న నలుగురిలో ఇద్దరే మావాళ్లు. మా పెద్దవాడు బెంగళూరులో సాఫ్ట్‌వేరు. ఇంటికొస్తే నా అంగుళం ఉలితో పెయింటు డబ్బా మూత తీస్తాడు.

కమీషను: ఇంటివాళ్ల డబ్బే దుకాణం చుట్టూ తిరిగి మన జేబులోకి వస్తుంది. మొదట్లో నేనూ తీసుకున్నాను. ఇప్పుడు దాన్ని బిల్లులోనే తగ్గించమంటాను. నీకు మొదటి ఏడాదే ఎవరో ఒకరు ఆ కవరు ఇస్తారు. కౌంటర్ గారు కోపగించుకోవద్దు.

కోరుట్ల వాపసు:

కార్పెంటర్ వీసా అన్న మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను. ఇక్కడ నేను మంచాలు, సోఫాలు చేసేవాణ్ని. 2012లో ఒక ఏజెంటు చూపించిన కాగితంలో కార్పెంటర్ అని ఉంటే సంతోషంగా వెళ్లాను. దిగాక తెలిసింది, అది షట్టరింగ్ కార్పెంటర్. కాంక్రీటు పోసేముందు స్తంభాలకు, స్లాబులకు ప్లై అచ్చులు బిగించడం, గట్టిపడ్డాక ఊడదీయడం. అది తక్కువ పనేమీ కాదు, దాని నేర్పు దానికుంది. కానీ నేను వెళ్లింది దానికి కాదు. నాలుగేళ్లు ఉలి ముట్టలేదు. తిరిగొచ్చి రంద పడితే చెక్క మీద మెట్లు మెట్లుగా వచ్చింది.

బల్లలు, అల్మారాల పనిని అక్కడ ఫర్నిచర్ కార్పెంటర్ అనో, జాయినర్ అనో వేరుగా రాస్తారు. ఒప్పందంలో ఏ మాట ఉందో చూసుకో తమ్ముడూ. ఇంకో సంగతి. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌కు వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. నువ్వు డిగ్రీ చదివావు కాబట్టి నీకు ఆ అవసరం లేదు. అది వెసులుబాటే, కానీ ఆ సందర్భంలో కాగితాలు చూసే అధికారి కూడా నీకు ఉండడు. నీ ఒప్పందం నువ్వే చదువుకోవాలి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో తెలుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది, అక్కడ అడుగు.

మీ మేనమామ చెప్పినట్టు అక్కడ నేర్చుకుంటూ సంపాదించడం మాత్రం జరగదు. నేర్పేందుకు అక్కడ ఎవరికీ తీరిక ఉండదు. పని వచ్చాక వెళ్తే గౌరవంగా వెళ్లవచ్చు.

ప్యానెల్ సా:

మాది మంచిర్యాల. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడు చేశాను, బ్యాచ్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో మాడ్యులర్ ఫర్నిచర్ ఫ్యాక్టరీలో నాలుగో ఏడు.

మేస్త్రీ గారి ఆరు సూత్‌ల కథ మా వాళ్లందరికీ చదివి వినిపించాను. ఇక్కడ అంగుళం మాటే వినిపించదు. పక్క పలక మీద ముందు అంచు నుంచి 37 మిల్లీలు లోపలికి, 32 మిల్లీలకొకటి చొప్పున 5 మిల్లీల రంధ్రాలు వరుసగా వేస్తాం. చానల్, హింజెస్ ప్లేటు, అర నిలబెట్టే పిన్ను, అన్నీ ఆ వరుసలోనే కూర్చుంటాయి. తలుపులో హింజెస్ గిన్నెకు 35 మిల్లీల రంధ్రం. యూరప్ నుంచి వచ్చిన ఈ 32 పద్ధతి ఒకసారి తలకెక్కితే సామాను డబ్బాల మీది బొమ్మలన్నీ అర్థమవుతాయి.

ఐటీఐలో మాకు డవ్‌టెయిల్ జాయింట్లు (పావురం తోక ఆకారంలో కోసి ఒకదానిలో ఒకటి దూర్చే అతుకులు) కోయించారు. ఫ్యాక్టరీలో ఒక్కటి కూడా కోయలేదు. కోసిన అంచులకు పట్టీ అంటించే ఎడ్జ్ బ్యాండింగ్ యంత్రాన్ని నేను ఇక్కడికి వచ్చాకే చూశాను. కానీ ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి గీసిన మూడు బొమ్మలు చూసి వస్తువును తలలో తిప్పి చూసుకోవడం అక్కడే వచ్చింది. దానివల్లే నన్ను యంత్రం దగ్గర నుంచి కటింగ్ లిస్టులు (కోయాల్సిన ముక్కల కొలతల పట్టికలు) తయారుచేసే టేబుల్‌కు మార్చారు.

ఫ్యాక్టరీలో నెల జీతం, పీఎఫ్ ఉంటాయి. యంత్రాలు మంచివి. షీట్లు కోసే రంపపు యంత్రం, మా ప్యానెల్ సాలో పెద్ద బ్లేడుకు ముందు చిన్న బ్లేడు ఒకటి ఉండి, కింది మైకాను ముందే గీస్తుంది, అందుకే అంచు పెచ్చులూడదు. కానీ నాతో చేరిన ఒకతను నాలుగేళ్లుగా ఎడ్జ్ బ్యాండింగ్ దగ్గరే ఉన్నాడు. కిచెన్ మొత్తం ఒక ఇంట్లో నిలబడటం అతను ఇంకా చూడలేదు. అన్నా, మీరు మొదటే ఫ్యాక్టరీకి రావద్దు. బిగించడం వచ్చాక రండి.

యంత్రాల శిక్షణే కావాలంటే బెంగళూరు మల్లేశ్వరంలో కేంద్ర ప్రభుత్వ చెక్క పరిశోధన సంస్థ ఐడబ్ల్యూఎస్‌టీ ఉంది. అక్కడ ఆధునిక వడ్రంగ శిక్షణ కేంద్రం నడుస్తోంది. లక్ష ఎక్కడో కట్టే ముందు వాళ్ల కోర్సులు, ఫీజులు కనుక్కోండి.

దుమ్ము గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ముక్కుకు తువాలు చుట్టుకుంటే సరిపోదు, మంచి మాస్కు కొనండి. రంద కన్నా ముందు అదే కొనండి.

చెక్కపొట్టు:

అందరికీ ధన్యవాదాలు. షట్టరింగ్ సంగతి మేనమామకు చదివి వినిపిస్తే "నీకన్నీ తెలుసు" అని ఫోన్ పెట్టేశాడు. కోర్సువాళ్లను కౌంటర్ గారి ప్రశ్న అడిగాను. షీట్లు కోయడం ఉండదట, డిజైన్ సాఫ్ట్‌వేరు నేర్పి రెండు సైట్లు చూపిస్తారట. వద్దనుకున్నాను.

కాజీపేట మేస్త్రి సోమవారం రమ్మన్నారు. ఐటీఐకి కూడా దరఖాస్తు చేస్తాను. పీఎం విశ్వకర్మ పథకంలో శిక్షణ ఇచ్చి పనిముట్లకు 15,000 ఇస్తారని చదివాను. నాకు వర్తిస్తుందా? రంద వద్దన్నారు కదా, మరి చేతికి ఏం కొనుక్కోవాలి మేస్త్రీ గారూ?

తొమ్మిదిన్నర వేళ్లు:

విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. పద్దెనిమిది వృత్తుల్లో మనదీ ఉంది. అది ఇప్పటికే సొంతంగా ఆ పని చేసుకుంటూ బతికేవాళ్లకు. నీకు ఇప్పుడు రాదు, అబద్ధం చెప్పి చేరవద్దు. నేను చేరాను. వారం లోపు శిక్షణ, రోజుకు 500 స్టైపెండు, పనిముట్లకు 15,000 వోచరు. మొదటి విడత లక్ష వరకు 5 శాతం వడ్డీకి రుణం కూడా ఇస్తారు, 18 నెలల్లో తీర్చాలి. నేను తీసుకోలేదు, ఈ వయసులో వాయిదాల బండి నా ఇంటి ముందు ఆగడం ఇష్టం లేదు. (నీ పాత ఉద్యోగం గుర్తొచ్చింది.)

కొనాల్సింది తక్కువే. అంగుళం ఉలి ఒకటి, పదును పెట్టే నూనెరాయి, మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో చూసే మూలమట్టం, స్టీలు స్కేలు, ఆ అమ్మాయి చెప్పిన మాస్కు. మూలమట్టం కొనేటప్పుడు దుకాణంలోనే పరీక్షించు. తిన్నటి అంచున్న పలకకు ఆనించి గీత గియ్యి, మట్టాన్ని బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత గియ్యి. రెండూ కలిసిపోతే మంచిది, పైకి వెళ్లేకొద్దీ దూరమైతే తిరిగిచ్చెయ్యి.

ఉలి కొత్తదైనా పదును ఉండదు. మొదటే వాలు (కొసన ఏటవాలుగా ఉండే వైపు) జోలికి పోవద్దు, వెనుక వైపును రాయి మీద చదును చెయ్యి. కొసన అంగుళం మేర అద్దంలా మెరిస్తే చాలు. తర్వాత వాలు. ఉలి మందం ఎంతో దానికి రెట్టింపు పొడవు వాలు ఉంటే అది 30 డిగ్రీలు, కోణమాని అక్కర్లేదు. కుట్టుమిషను నూనె వేసి రుద్దు. వెనుక వైపు గోటికి సన్నటి ముళ్లలా తగిలితే అంచు వచ్చినట్టే, ఆ ముళ్లను వెనుక వైపు రెండుసార్లు రాసి తీసెయ్యి. వెంట్రుకలు గీసి చూడటం షోకు. ప్యాకింగ్ చెక్క కొసను అడ్డంగా చెక్కి చూడు. పొడిగా రాలితే ఇంకా రాలేదు, పలచటి పొరలా లేస్తే వచ్చింది. మొదటిసారి నీకు సాయంత్రమంతా పడుతుంది. పట్టనీ.

నా పేరు ఎందుకిలా ఉందని ఎవరూ అడగలేదు. రాయి కోసే చేతి కట్టర్‌కు చెక్క బ్లేడు బిగించి, గార్డు (బ్లేడు మీది రక్షణ కవచం) పీకేసి వాడటం మన దగ్గర ఎన్నో షెడ్లలో చూస్తావు. నేనూ అదే చేశాను. 2009లో వేప పలకలో ముడి తగిలి యంత్రం వెనక్కి ఎగిరింది. ఎడమ ఉంగరపు వేలు, సగం. సోమవారం ఆ మేస్త్రి గార్డు లేని కట్టర్ నీ చేతికిస్తే, ఆ రోజు 400 అక్కడే వదిలేసి బస్సెక్కు.

అమ్మకు మాటలతో చెప్పకు. కూర్చునే పీట ఒకటి చేసివ్వు.

చెక్కపొట్టు:

ఇరవై మూడు రోజులైంది. కట్టర్‌కు గార్డు ఉంది, చేరేముందే అడిగాను. మొదటి వారం మైకా మోశాను, రెండో వారం నుంచి కోయిస్తున్నారు. ఉలి పదునుకు ఒక సాయంత్రం కాదు, మూడు సాయంత్రాలు పట్టింది.

మొన్న షీట్లు దిగినప్పుడు అందరూ నవ్వుతున్నా వెర్నియర్ పెట్టి నాలుగు మూలలా కొలిచాను. ముద్ర 18. వచ్చింది 17.4, 17.6, 17.3, 17.5. మేస్త్రి ఏమీ అనలేదు. తన చీటీలో 18 కొట్టేసి 17.5 రాసుకున్నారు.

అమ్మకు షెడ్డులో మిగిలిన టేకు ముక్కలతో పీట చేశాను. ఒక కాలు ఆడుతోంది. అమ్మ దాని కింద బస్సు టికెట్టు మడిచి పెట్టుకుని, దాని మీదే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఏ కాలు కోయాలి?

తొమ్మిదిన్నర వేళ్లు:

ఇప్పుడే ఏదీ కోయకు. ముందు పీటను వేరే చోట పెట్టి చూడు, నేల ఎగుడుదిగుడైనా ఆడుతుంది. అక్కడా ఆడితే కిచెన్ గ్రానైటు బండ మీద పెట్టు. పొట్టి కాలు కింద కాగితం ముక్కలు దూర్చి, పీట పైభాగం సమంగా నిలిచేలా చూడు. చిన్న చెక్క ముక్క మీద పెన్సిలును పడుకోబెట్టి పట్టుకుని, బండ మీద జరుపుతూ నాలుగు కాళ్ల చుట్టూ గీత గియ్యి. కోస్తే నాలుగూ ఆ గీతకే కోయాలి. ఒక్కోదాన్ని విడివిడిగా సరిచేస్తూ పోతే చివరికి కాళ్లు లేని పీట మిగులుతుంది, నాకు అనుభవమే.

రంపం గీతకు బయటి వైపే నడవాలి. మిగిలిన వెంట్రుకంత భాగాన్ని, శాండ్ పేపరును అదే బండ మీద పరిచి, పీటను దాని మీద ముందుకూ వెనక్కూ లాగి తీసెయ్యి.